ఆదివారం ఉదయం ఆట

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా డిసెంబరు 17న సైదాబాదులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విశేషం మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షనంటే యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగికి హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది. దాని గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను లైఫ్ సర్టిఫికెట్టు గురించి ఒక పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏటా బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకోవడం మనకెలాగూ తప్పదు. బతికుండి ఏం చేస్తున్నామో కూడా ఒకసారి ముచ్చటించుకుందామని నేను వేరే విషయం ఎంచుకున్నాను. అది సినిమా. వెనక వరుసలో ఎవరో నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. ఈ వయసులో మాట్లాడవలసినది దేవుడి గురించి కదా అని ఉదయం మా కోడలు కూడా అంది.

నేను చెప్పబోయేది ఇప్పుడు వచ్చే సినిమాల గురించి కాదు. పాత సినిమాలూ, పెద్ద హాళ్ళలో ఆడని సినిమాలూ పట్టుబట్టి చూపించే చోట్ల గురించి, అక్కడ నలుగురితో కలిసి కూర్చుని చూడటంలో ఉన్న సుఖం గురించి.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. ఆఫీసు నాంపల్లి వైపు. పెళ్ళయ్యాక ఈ సైదాబాదులోనే ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. మన పక్కనే దిల్‌సుఖ్‌నగర్ పెరుగుతూ వచ్చింది. కోణార్క్, వెంకటాద్రి, మేఘా, రాజధాని, గంగా, ఈ పేర్లు చెబితే చాలు, మన పిల్లలకి తమ చిన్నతనం గుర్తొస్తుంది. సినిమా చూడనివాళ్ళకి కూడా థియేటర్ల పేర్లే బస్‌స్టాపుల గుర్తులు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలినప్పుడు, ఆ రెండు బస్‌స్టాపుల పేర్లు టీవీలో విని మనలో ఎంతమందిమి పిల్లలకి ఫోన్లు కలవక గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నామో మీకు తెలుసు.

ఆ రోజుల్లో థియేటర్లలో కొత్త సినిమాకి మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ఉదయం ఆట మాత్రం వేరు. దాన్లో పాత తెలుగు సినిమా వేసేవారు, లేకపోతే ఇంగ్లీషుదో, అవార్డు వచ్చిందో, పంపిణీదారు దొరకనిదో వేసేవారు. టిక్కెట్టు దొరకదన్న బెంగ లేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు, కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళు, క్యాజువల్ లీవు పెట్టిన నాబోటి గుమాస్తాలు, నలుగురైదుగురు ముసలివాళ్ళు. ఆ ముసలివాళ్ళని చూసి అప్పట్లో జాలిపడేవాణ్ణి. పారిస్‌లో 1936లోనే సినిమాథెక్ అని ఒక సంస్థ పెట్టి పాత సినిమాలు పోగుచేసి చూపించడం మొదలుపెట్టారని తర్వాత చదివాను. మనకి ఆ పని సంస్థ ఏదీ లేకుండా, పైసా గ్రాంటు లేకుండా ఉదయం ఆటే చేసింది.

ఈ పిచ్చి నాకు అంటించినది మా సెక్షను సూపరింటెండెంటుగారు. ఆఫీసులో ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. నోట్‌ఫైలులో కామా తప్పు పోతే ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిప్పి పంపేవారు. అలాంటి మనిషి ఒక శనివారం సాయంత్రం నన్ను పిలిచి, "రేపు ఉదయం ఖాళీయేనా?" అన్నారు. పెండింగు పని చేయించడానికేమోననుకున్నాను. "సినిమాకి రావయ్యా" అన్నారు. అలా నేను ఫిల్మ్ సొసైటీ సభ్యుణ్ణయ్యాను.

ఫిల్మ్ సొసైటీ అంటే ఏమిటో ఇక్కడున్న చిన్నవాళ్ళ కోసం రెండు మాటలు. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, ఆయన మిత్రులు ఒకటి పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ కలిసి ఒక ఫెడరేషన్‌గా ఏర్పడితే దానికి ఆయనే అధ్యక్షుడు. మన హైదరాబాదు కూడా వెనకబడలేదు. ఇక్కడ చదువుకున్న శ్యామ్ బెనెగల్ విద్యార్థిగా ఉన్నప్పుడే ఇక్కడొక ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 2024 డిసెంబరులో ఆయన పోయినప్పుడు పత్రికలు 'అంకుర్' గురించి రాశాయి గాని, దీని గురించి ఒక ముక్కతో సరిపెట్టాయి. తర్వాత 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వచ్చింది.

సొసైటీలో టిక్కెట్లు ఉండవు, చందా కట్టిన సభ్యులకే ప్రవేశం. అందుకని విదేశీ చిత్రాలకు సెన్సారు మినహాయింపు కూడా ఉండేది. ఆ కత్తెర పడదని విని, ఏదో ఆశించి చందా కట్టినవాళ్ళు కూడా కొందరు ఉండేవారని ఒప్పుకోవాలి. పాపం, వాళ్ళకి రెండున్నర గంటలు మంచులో నడిచే రైతుల కథ చూపిస్తే, విశ్రాంతిలో టీ తాగి అటే వెళ్ళిపోయేవారు.

చిత్రాలు రైల్లో రేకు డబ్బాల్లో వచ్చేవి. పుణేలో 1964లో పెట్టిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి కొన్ని, విదేశీ రాయబార కార్యాలయాల నుంచి కొన్ని. ఒక రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. పెద్ద థియేటర్లలో రెండు ప్రొజెక్టర్లు ఉంటాయి గనుక ఒక రీలు అయిపోగానే రెండోది అందుకుంటుంది, మనకి తెలియదు. చిన్న హాళ్ళలో ఒకటే. రీలు అయిపోతే దీపం వేసేవారు. ఆపరేటరు కొత్త రీలు ఎక్కించేదాకా అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. కొందరు కళ్ళు తుడుచుకుంటూ దొరికిపోయేవారు. మా సూపరింటెండెంటుగారు అలా దొరికినప్పుడు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టేవారు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. దీని కోసమే ఇంత దూరం తీసుకొచ్చాను.

1979లో ఒక ఆదివారం. జపాను సినిమా, పేరు 'ఇకిరు'. జపాను మాటలో బతకడం అని అర్థం. 1952లో అకిరా కురొసావా తీశాడు. కథానాయకుడు ఎవరనుకున్నారు? మునిసిపల్ ఆఫీసులో ఒక సెక్షను అధికారి. మొహం వాడిపోయిన ముసలాయన. ఎదురుగా కట్టలు కట్టలు కాగితాలు, చేతిలో ముద్ర. తీసుకోవడం, ముద్ర వేయడం, పక్కన పెట్టడం. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఒక పేటలోని ఆడవాళ్ళు, మా దగ్గర మురుగుగుంట ఉంది, పిల్లలకి జబ్బులు చేస్తున్నాయి, పూడ్చి ఆటస్థలం చేయించండని అర్జీ తెస్తారు. వాళ్ళని ఈ సెక్షను ఆ సెక్షనుకి పంపుతుంది, ఆ సెక్షను ఇంకో సెక్షనుకి. తిరిగి తిరిగి మొదటి కిటికీ దగ్గరికే వస్తారు. హాలంతా గొల్లున నవ్వింది. మేమంతా గుమాస్తాలమే కదా, అందరికంటే ఎక్కువ మేమే నవ్వాం.

తర్వాత ఆయనకి కడుపులో క్యాన్సరని, ఇంక కొద్ది నెలలే బతుకుతాడని తేలుతుంది. కొడుక్కి చెప్పుకోలేడు. తాగుతాడు, తిరుగుతాడు, సుఖం దొరకదు. చివరికి ఆ అర్జీ బయటికి తీస్తాడు. ఒక్కొక్క సెక్షను ముందూ వంగి నిలబడి, బతిమాలి, ఆ ఆటస్థలం కట్టిస్తాడు. మంచు కురుస్తుంటే అక్కడి ఉయ్యాల మీద కూర్చుని చిన్న గొంతుతో పాడుకుంటాడు. ఆయన పోయాక తోటి ఉద్యోగులు సంతాపానికి కూర్చుని, ఆటస్థలం ఘనత పై అధికారిదా, ఈయనదా అని వాదించుకుంటారు. తాగి తాగి, రేపటినుంచి మనమూ ఆయనలా పనిచేద్దామని ప్రమాణాలు చేస్తారు. తెల్లవారితే మళ్ళీ అదే కిటికీ, అదే మాట.

దీపాలు వెలిగాయి. ఈసారి ఎవరూ లేవలేదు. నేను మాత్రం సిగ్గుతో కుర్చీలో కుంగిపోయాను. ఎందుకంటే నా బల్ల మీద ఒక ఫైలు ఉంది.

మా ఆఫీసులో ఒక అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన భార్యకి కుటుంబ పెన్షన్ రావాలి. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకలా ఉంది, తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్టులో ఒక అక్షరం తేడాగా ఉంది. నేను అభ్యంతరం రాశాను. ఆమె సరిచేయించుకొచ్చింది. అప్పుడు పుట్టిన తేదీ మీద ఇంకో అభ్యంతరం రాశాను. ఏదీ నిబంధనకి విరుద్ధం కాదు. ఏడు నెలలు గడిచాయి. ఆమె ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లెనుంచి బస్సులో వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేది. చంకలో పిల్ల. నేను లంచం అడగలేదు, కసురుకోలేదు. "ఇంకో వారం ఆగి రామ్మా" అనేవాణ్ణి, అంతే.

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళి ఆ ఫైలు తీశాను. రెండు అభ్యంతరాలకీ జవాబు అందులోని కాగితాల్లోనే ఉంది. డ్రాఫ్టు నేనే రాశాను, టైపిస్టు దగ్గర నిలబడి ఫెయిర్ కాపీ చేయించాను, సంతకానికి నేనే పట్టుకెళ్ళాను. మా సూపరింటెండెంటుగారు నిన్న నాకు రెండు కుర్చీల అవతల కూర్చున్న మనిషే. ఫైలు తిరగేశారు. తేదీలు చూశారు. ఏడు నెలలు. నా మొహం వంక చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన సంతకం పెట్టి, "డిస్పాచి నువ్వే చేయించు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

నెలన్నర తర్వాత ఆమె బకాయిలతో సహా అందిందని చెప్పడానికి వచ్చింది. సంచిలో సీతాఫలాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి దండం పెట్టింది. ఆలస్యం ఎవరివల్ల అయిందో ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు. ఇంట్లో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఇంతమంది కుటుంబ పెన్షనర్లు ఎదురుగా కూర్చున్నారు గనుక చెబుతున్నాను.

ఆ సినిమాతో నేను మారిపోయానని మాత్రం అనుకోకండి. రెండు మూడు నెలలు చురుగ్గా ఉన్నాను. తర్వాత నా బల్ల మీదా మామూలే. కురొసావాకి ఆ సంగతి ముందే తెలుసు.

అదే సినిమా మా మనవడు మొన్న ఇంట్లో టీవీలో పెట్టాడు. కురొసావా కథనే 2022లో ఇంగ్లాండువాళ్ళు 'లివింగ్' అని మళ్ళీ తీశారని కూడా వాడే చెప్పాడు. చూడటం మొదలుపెట్టాను. కుక్కరు కూత వేసింది, ఆపాను. గ్యాస్ సిలిండరు అబ్బాయి వచ్చాడు, ఆపాను. ఆ ఆడవాళ్ళు అర్జీతో తిరిగే చోటికి వచ్చేసరికి మందు వేసుకునే వేళయిందని నేనే ఆపాను. నిజానికి అప్పటికింకా అరగంట ఉంది. చేతిలో మీట ఉంటే మనిషి తనకి ఇబ్బందైన చోటల్లా ఆపుకుంటాడు. 1979లో చీకట్లో, వరుస మధ్యలో, అటు ఆరుగురు ఇటు ఆరుగురు మోకాళ్ళడ్డంగా కూర్చుంటే నేనెక్కడికి పోతాను?

'మా భూమి' సంగతి చెప్పకపోతే మా మామగారు స్వర్గంలో ఊరుకోరు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు గారు నిర్మించారు, 1980 మార్చిలో వచ్చింది. ఎన్.టి.ఆర్., ఎ.ఎన్.ఆర్. సినిమాల మధ్య, పేరున్న నటులు లేకుండా, ఉదయం ఆటలుగానే నెలల తరబడి ఆడింది. మా మామగారిది నల్లగొండ జిల్లా. సినిమా అంటే గిట్టదు. తెలంగాణ సాయుధ పోరాటం నాటికి ఆయన పాతికేళ్ళవాడు. బలవంతాన తీసుకెళ్ళాను. దొర గడీ తెర మీద కనబడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. వెట్టి చాకిరీ ఘట్టం వచ్చేసరికి పైకే, "గిట్లనే ఉండె, గిట్లనే ఉండె" అంటున్నాడు. నేను సిగ్గుపడి మోచెయ్యి పట్టుకున్నాను. ముందు వరుసలో ఇంకో ముసలాయన వెనక్కి తిరిగి, "మీదే ఊరన్నా?" అని అడిగాడు. గద్దర్ తెర మీద పాడుతుంటే హాల్లో సగం మంది గొంతు కలిపారు. ఆట అయ్యాక ఇద్దరు ముసలివాళ్ళూ బయట హోటల్లో రెండు గంటలు కూర్చున్నారు. తనని రజాకార్లు కొట్టారని, వీపు మీద మచ్చ అదేనని మా మామగారు ఆ హోటల్లో చెబుతుంటే నేను మొదటిసారి విన్నాను. సొంత కూతురికి కూడా అప్పటిదాకా తెలియదు.

ఆయన కూతురి సంగతికి వస్తున్నాను. ఇది చెప్పడం నాకంత సులువు కాదు.

ఇన్ని ఆదివారాలు నేను సినిమాలకి తిరిగితే, మా ఆవిడ ఇంట్లో ఉంది. పిల్లలు, అత్తగారు, వచ్చేపోయే చుట్టాలు. సొసైటీ సినిమాలు భాష రాని సినిమాలు, ఆడవాళ్ళకేం అర్థమవుతాయి అన్నాను. సబ్‌టైటిల్స్ నాకు మాత్రం మొదట్లో అర్థమయ్యాయా? అమీర్‌పేట సారథి స్టూడియో ప్రివ్యూ థియేటరులో వేసే రోజుల్లో కోఠీలో బస్సు మారి వెళ్ళాలి, నీకెందుకు శ్రమ అన్నాను. 1986 జనవరిలో ఫిల్మోత్సవ్ మన ఊళ్ళోనే జరిగింది, దేశదేశాల సినిమాలు. అప్పుడూ నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఒక్కణ్ణే తిరిగాను. ఇంటికొచ్చి అన్నం తింటూ కథ చెప్పేవాణ్ణి. ఆమె వడ్డిస్తూ వినేది. 'ఇకిరు' కథ నాచేత నాలుగైదుసార్లు చెప్పించుకుంది.

2008లో రిటైరయ్యాను. 2010 జనవరి 30న 'మాయాబజార్' రంగుల్లో విడుదలైంది. 1957 నాటి సినిమా, ఆమె చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసిందట. రంగులు వేయడం నాకిష్టం లేదు, మార్కస్ బార్ట్‌లే తీసిన నలుపు తెలుపు వెన్నెలకి రంగెందుకని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా ఆమె అడిగింది, వెళ్ళాం. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. మెట్ల దగ్గర ఎవరో కుర్రాడు చెయ్యి అందించాడు. హాలు నిండా మన వయసువాళ్ళే, మనవలతో. సావిత్రి ఘటోత్కచుడి నడక నడుస్తుంటే హాలు ఊగిపోయింది. లడ్డూలు ఎస్వీ రంగారావు నోట్లోకి ఎగురుతుంటే పక్కసీటులో నాలుగేళ్ళ పిల్లాడు కూడా నోరు తెరిచాడు. ఆ పిల్లాణ్ణి చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు.

ఆటోలో తిరిగొస్తూ అడిగింది: "ఆ జపాను గుమాస్తా సినిమా, ఒక్కసారి నన్నూ తీసుకెళ్తే ఏం పోయేదండీ?"

చూపిస్తానన్నాను. ఇంట్లో కాదు, హాల్లోనే చూడాలంది. ఎక్కడైనా వేస్తారేమోనని పేపర్లో ఎంగేజ్‌మెంట్ల కాలం రోజూ చూసేవాణ్ణి. దొరకలేదు. 2018లో ఆమె పోయింది.

తర్వాత సంగతులు త్వరగా చెబుతాను, భోజనాల వేళ అవుతోంది. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది. చాలా థియేటర్లు పడగొట్టారు, కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి. 2022 నుంచి హీరోల పాత సినిమాలు మళ్ళీ విడుదల చేయడం జోరందుకుంది. మనవడు ఒకదానికి తీసుకెళ్ళాడు. కాగితాలు ఎగరేశారు, సీట్ల మీద ఎక్కి గెంతారు, ఒక్క డైలాగూ వినబడలేదు. అయినా నాకు కోపం రాలేదు. ఫోన్లో ఉచితంగా దొరికే సినిమాకి వాళ్ళు డబ్బిచ్చి ఎందుకొచ్చారో నాకు తెలుసు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరున ప్రివ్యూ థియేటరు పెట్టారు. కరీంనగర్‌లో పుట్టి హిందీ సినిమాల్లో హీరో అయి, 1980కి ఫాల్కే పురస్కారం పొందినవాడాయన. అక్కడ శనివారాలు కొత్త కుర్రాళ్ళ చిన్న చిత్రాలకి 'సినివారం' అని వేదిక ఇచ్చారు. నేను కొన్నిసార్లు వెళ్ళాను. ఇప్పుడు కంటి ఆపరేషన్ అయ్యాక చీకటి పడితే ఒంటరిగా బస్సెక్కలేకపోతున్నాను.

అందుచేత మన సంఘానికి ఒక విన్నపం. ఈ హాలు నెలలో ఇరవై ఐదు రోజులు తాళం వేసి ఉంటుంది. నెలకొక ఆదివారం ఉదయం పది గంటలకి ఇక్కడ ఒక సినిమా వేద్దాం. ప్రొజెక్టరు అద్దెకి దొరుకుతుంది. కిటికీలకి నల్లగుడ్డ కావాలి. ఈ ప్లాస్టిక్ కుర్చీల్లో చేతులున్నవి ఏరి ముందు వరుసలో వేయాలి, లేవడానికి ఆసరా. హక్కుదారుల అనుమతి కావాలంటారు కోశాధికారిగారు. నిజమే, ఉత్తరం రాద్దాం, జవాబు రాకపోతే రిమైండరు రాద్దాం, ఆ విద్య మనకి ఒకరు నేర్పాలా? రంధ్రాన్వేషణకి మాత్రం నన్ను పిలవకండి. పరభాషా చిత్రమైతే ముందు పది నిమిషాలు కథ తెలుగులో నేను చెబుతాను. చాలాసార్లు చెప్పిన అలవాటుంది.

మొదటి సినిమా ఏదో మీరు ఊహించే ఉంటారు. పేర్లు రాయడానికి కార్యదర్శిగారి బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాను, గీతలు కొట్టి, కాలాలు వేసి. మగవాళ్ళకి ఒక్క మనవి. మీ పేరు రాసే ముందు పై గడిలో మీ ఇంటావిడ పేరు రాయండి. రెండో కుర్చీ అక్కడే వేయిస్తాను.